బంటీ బొచ్చు: జీరో కట్ తర్వాత ఇరవై నెలలు

2022 మే 8, ఆదివారం. కత్తెర ఎండలు మొదలై నాలుగు రోజులు. తిరుపతిలో ఆ ఎండలకు పొద్దున తొమ్మిది దాటితే తారు రోడ్డు మీద కుక్క పాదం మోపలేదు. బైరాగిపట్టెడ నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ తన కుక్కను ఒళ్లో పెట్టుకొని ఆటోలో నా షాపుకు వచ్చారు. కుక్కలకు స్నానం చేయించి, బొచ్చు దువ్వి, కత్తిరించే గ్రూమింగ్ షాపు నాది. పేరు బంటీ. నాలుగేళ్ల మగ కుక్క, 7 కిలోలు, లేత గోధుమ రంగు. ఇంట్లోవాళ్లు పామెరేనియన్ అంటారు గానీ మన ఊళ్లలో ఆ పేరుతో పెరిగేవి చాలా మటుకు ఇండియన్ స్పిట్జ్‌లే. బంటీ కూడా అదే.

"పాపా, మనుషులకే తట్టుకునేట్టు లేదు. వీడు చూడు, ఒంటి మీద కంబళి కప్పుకొని తిరగతా ఉండాడు. మొత్తం గుండు కొట్టేయ్" అన్నారు. నేను ఒక్క క్షణం ఆలోచించడం చూసి, "మా మనవరాలికి మొన్న ఉగాదప్పుడు కొండ మీద పుట్టు వెంట్రుకలు తీయించినాం. ఇప్పుడెంత ఒత్తుగా వస్తా ఉందో! వీడికీ అట్లే వస్తుందిలే" అన్నారు.

కొండ కింద ఊరు మనది. కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి దిగివచ్చేవాళ్లను రోజూ చూస్తూ పెరిగినవాళ్లం. తీసిన జుట్టు మళ్లీ వస్తుంది, ఇంకా బాగా వస్తుంది అనే మాట మనకు పసితనం నుంచే ఒంటబట్టి ఉంటుంది. నాకూ అంతే. అప్పటికి ఐదేళ్లుగా ఈ పని చేస్తున్నాను, ప్రతి ఎండాకాలం ఎన్నో కుక్కలకు జీరో కట్, అంటే ఒంటికి గుండు, చేశాను, పెద్దగా ఫిర్యాదులు రాలేదు. అందుకే వద్దనలేదు. ఆ వద్దనకపోవడం నా తప్పే. దాని వల్ల ఏం జరిగిందో తేదీల వారీగా నా కార్డులో రాసుకున్నది ఇక్కడ పెడుతున్నాను.

ఆ రోజు చేసిన పని

స్నానం, డ్రైయర్, దువ్వడం అయ్యాక క్లిప్పర్‌కు, అంటే బొచ్చు గొరిగే మెషిన్‌కు, 10 నంబర్ బ్లేడు వేశాను. అది ఒంటి మీద ఒకటిన్నర మిల్లీమీటర్ల బొచ్చు మాత్రమే మిగులుస్తుంది. భుజాల నుంచి తోక మొదలు దాకా వీపు, పక్కలు, పొట్ట, తొడలు తీసేశాను. తల, మెడ చుట్టూ ఉండే జూలు, తోక, మోకాళ్ల కింది భాగం టీచరమ్మ వదిలేయమన్నారు. బ్లేడు వేడెక్కిందేమోనని ప్రతి ఐదు నిమిషాలకూ మణికట్టు లోపలి వైపు ఆనించి చూసుకున్నాను. గాటు పడలేదు, చర్మం ఎర్రబడలేదు, మర్నాడు దురద కూడా లేదని ఫోన్ చేసి చెప్పారు. చేతిపనిలో లోపం ఉండి జరిగింది కాదు ఇది. శుభ్రంగా చేసిన కట్టింగే.

కట్టింగ్‌కు ముందు వీపు మీద పై వెంట్రుక 6 సెంటీమీటర్ల పైచిలుకు, లోపలి బొచ్చు దాదాపు 3 సెంటీమీటర్లు ఉంది. ప్రతి కుక్క కార్డుకూ చిన్న కవరు పిన్ చేసి, అందులో చిటికెడు బొచ్చు దాచడం నాకు అలవాటు. ఇంకో రోజు రంగు పోల్చుకోవడానికి పనికొస్తుందని మొదలుపెట్టిన అలవాటు అది. ఈ కేసులో ఆ కవరే నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది.

పై వెంట్రుక, లోపలి బొచ్చు

కవరులోని బొచ్చును నల్ల కాగితం మీద పరిచి భూతద్దంలో చూస్తే రెండు రకాలు విడివిడిగా కనిపిస్తాయి. ఒకటి మొద్దుగా, నిటారుగా, మెరుస్తూ ఉంటుంది. కొసకు వచ్చేసరికి సూదిలా సన్నబడుతుంది. ఇది పై వెంట్రుక. రెండోది దూదిపోగంత సన్నం, వంకర్లు తిరిగి ఉంటుంది, మెరుపు ఉండదు. వేళ్ల మధ్య పెట్టి నలిపితే మొదటిది జారిపోతుంది, రెండోది ఉండ కడుతుంది. కుక్క చర్మంలో ఒకే రంధ్రం నుంచి ఒక పై వెంట్రుక, దాని చుట్టూ కొన్ని లోపలి వెంట్రుకలు కలిసి బయటికి వస్తాయి. పైది గొడుగు, లోపలిది దుప్పటి. వాన, దుమ్ము, ఎండ పైదాని మీదే ఆగిపోతాయి. గాలిని పట్టి ఉంచి చలినీ వేడినీ ఒంటికి తగలనీయకుండా చూసేది లోపలిది. చేతికి తగిలే ఆ నునుపు, ఆ బిరుసు కూడా చాలా వరకు పై వెంట్రుకదే.

మన జుట్టుకూ దీనికీ ఇక్కడే తేడా. పసిబిడ్డకు గుండు చేయిస్తే ఒత్తుగా వచ్చినట్టు కనిపించేది రెండు కారణాల వల్ల. సన్నటి కొస తెగిపోయి మొద్దు భాగం పైకి కనిపిస్తుంది. పైగా ఆ వయసులో పుట్టు వెంట్రుకలు ఎలాగూ రాలిపోయి ముదురు జుట్టు వచ్చే సమయం. కత్తి కుదురును తాకదు, కాబట్టి కొత్తగా ఇచ్చేదీ ఏమీ ఉండదు. క్లిప్పర్ కూడా కుక్క వెంట్రుక కుదురును తాకదు. మరి బంటీ బొచ్చు ఎందుకు మారింది?

వెంట్రుకకు ఒక చక్రం ఉంటుంది. కొన్నాళ్లు పెరుగుతుంది, ఆగుతుంది, విశ్రాంతిలో ఉంటుంది, ఆ తర్వాత రాలి కొత్తది మొలుస్తుంది. పూడుల్, షిట్జు లాంటి వాటిలో పెరిగే దశ చాలా పొడవు. అందుకే వాటికి నెలనెలా కట్టింగ్ కావాలి, ఎంత తీసినా పెరుగుతూనే ఉంటుంది. స్పిట్జ్, పామెరేనియన్, హస్కీ జాతుల్లో దీనికి తలకిందులు. వెంట్రుక తన పొడవుకు చేరాక నెలల తరబడి విశ్రాంతిలోనే ఉండిపోతుంది. అలాంటి వెంట్రుకను మధ్యలో కోస్తే అది పెరగదు, మొండెంలా అక్కడే ఉంటుంది. ఆ కుదురు మళ్లీ మేల్కొనే దాకా కొత్తది రాదు. ఈలోపు లోపలి బొచ్చు ముందుగా మేల్కొని పైకి వస్తే గొడుగు లేకుండా దుప్పటి ఒక్కటే మిగులుతుంది. లాబ్రడార్‌కు ఆపరేషన్ కోసం గొరిగిన చోట మూడు నాలుగు నెలల్లో బొచ్చు మామూలవుతుంది. స్పిట్జ్ గడియారం వేరు.

నెలల వారీగా

జూలై మొదటివారంలో, అంటే రెండు నెలలకు, వీపు మీద చెయ్యి వేస్తే పీచ్ పండు తొక్కలా మెత్తగా తగిలింది. టీచరమ్మ సంతోషపడ్డారు, "వచ్చేస్తా ఉంది" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. దువ్వెనతో పాయ తీసి చూస్తే వచ్చేది మొత్తం లోపలి బొచ్చే అని అప్పుడే తెలిసి ఉండేది. నేను పాయ తీయలేదు.

అక్టోబర్‌లో, ఐదో నెలలో, తేడా దాచినా దాగనంతగా కనిపించింది. మెడ జూలు, తోక మునుపటిలాగే నిండుగా ఉన్నాయి. వీపు మీద మాత్రం సెంటీమీటరున్నర దూది. రంగు కూడా పాలిపోయింది, ఎందుకంటే ఆ గోధుమ రంగు ఎక్కువగా ఉండేది పై వెంట్రుక కొసల్లోనే. తొడల వెనక అరచేతి వెడల్పున రెండు చోట్ల చర్మం కనబడుతోంది. నాకు భయం వేసింది. గ్రూమింగ్ చేసే మనిషి చూసి తేల్చే విషయం కాదిది. వెంటనే పశువుల డాక్టర్ దగ్గరికి పంపాను, నేనూ కూడా వెళ్లాను.

డాక్టర్ గారు చర్మం గీకి మైక్రోస్కోప్ కింద చూశారు, పురుగు లేదు. ఫంగస్ లేదు. థైరాయిడ్ కోసం రక్త పరీక్ష చేయించారు, మామూలుగానే వచ్చింది. నీళ్లు ఎక్కువ తాగుతున్నాడా, మూత్రం ఎక్కువా, పొట్ట జారిందా అని గుచ్చి గుచ్చి అడిగారు. అడ్రినల్ గ్రంథి జబ్బు ఉంటే ఇవి కనిపిస్తాయట. ఏదీ లేదు. మిగిలింది రెండు. ఒకటి కట్టింగ్ తర్వాత బొచ్చు రాకుండా ఆగిపోవడం, దాన్ని వాళ్లు పోస్ట్ క్లిప్పింగ్ అలొపీషియా అంటారు. రెండోది అలొపీషియా ఎక్స్, అంటే కారణం సరిగ్గా తెలియకుండా బొచ్చు రాలిపోయే జబ్బు, పామెరేనియన్ జాతి మగ కుక్కల్లో ఎక్కువగా చూస్తారు. అందులో కూడా ముందు పోయేది పై వెంట్రుకే, తలా కాళ్లూ బాగానే ఉంటాయి. కాబట్టి పైకి చూసి తేడా చెప్పడం కష్టం. అయితే ఆ జబ్బులో మెడ, తోక, తొడల వెనక భాగం తొందరగా పలచబడతాయి. బంటీకి నేను క్లిప్పర్ వేయని మెడలో, తోకలో ఒక్క వెంట్రుక తగ్గలేదు. బొచ్చు పోయిన చోటు సరిహద్దు నా క్లిప్పర్ ఆగిన గీత మీదే ఉంది, భుజం మీద స్కేలు పెట్టి గీసినట్టు. ఆ గీతను వేలితో తడిమినప్పుడు నా కడుపులో ఎలా అయ్యిందో చెప్పలేను.

డాక్టర్ గారి మాట: మందులేమీ వద్దు, వేచి చూద్దాం, ఆరు నెలల నుంచి ఏడాది పట్టవచ్చు, కొన్నింటికి రెండేళ్లు కూడా పడుతుంది. ఇంటర్నెట్‌లో చూసి మెలటోనిన్ అనే హార్మోన్ బిళ్లలు తెప్పిస్తానన్నారు టీచరమ్మ గారి అబ్బాయి. డాక్టర్ చెప్పకుండా ఒక్క బిళ్ల కూడా వేయొద్దని గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

డిసెంబర్‌లో మాండూస్ తుపాను వచ్చింది. రెండు మూడు రోజులు ముసురు. అప్పటిదాకా ఇది చూడ్డానికి బాగాలేకపోవడం అనే మాటగానే ఉంది. ఆ వానల్లో మాత్రం అది కుక్క ఆరోగ్యానికి సంబంధించిన విషయమైపోయింది. మునుపు బంటీ తడిసి ఇంట్లోకి వచ్చి ఒక్కసారి విదిలించుకుంటే సగం నీళ్లు గోడల మీదికి పోయేవి, లోపల చర్మం పొడిగానే ఉండేది. ఇప్పుడు దూది నీళ్లు పీల్చుకుంది. పైన ఆరినట్టే ఉన్నా బొచ్చు మొదళ్లలో తడి నిలిచింది. నాలుగో రోజుకు ఎడమ తొడ మీద రూపాయి బిళ్లంత పుండు, దాని మీద చిక్కటి జిగురు, వాసన. ఆ చుట్టుపక్కల నాలుగు వేళ్ల మేర బొచ్చు మళ్లీ తీయక తప్పలేదు. డాక్టర్ రాసిచ్చిన మందుతో వారంలో మానింది. కానీ ఆ చోట గడియారం మళ్లీ సున్నా దగ్గర మొదలైంది.

బొచ్చు రాని రోజుల్లో ఏం చేశాం

చేసింది తక్కువే, కానీ విడవకుండా చేశాం. దూదిలాంటి బొచ్చుకు ఉండలు కట్టే గుణం ఎక్కువ. పాత బొచ్చుకు వారానికి రెండుసార్లు దువ్వితే సరిపోయేది, ఇప్పుడు రోజూ దువ్వాలి. టీచరమ్మకు దగ్గర కూర్చోబెట్టి నేర్పాను. కుక్కను పక్కకు పడుకోబెట్టి, ఎడమ చేత్తో బొచ్చును పైకి ఎత్తిపట్టి, చర్మం కనబడేలా ఒక గీత తెరిచి, ఆ గీత నుంచి కిందికి స్లిక్కర్ బ్రష్ (సన్నటి తీగల పళ్లుండే బ్రష్) లాగాలి. అర అంగుళం పైకి జరగాలి, మళ్లీ ఒక గీత. చివర్లో స్టీలు దువ్వెన మొదలు నుంచి కొస దాకా ఎక్కడా ఆగకుండా రావాలి. ఆగిందంటే లోపల ఉండ ఉన్నట్టు. మన ఆడవాళ్లకు పాయ తీయడం కొత్త కాదు. రెండో రోజుకే ఆమె నాకంటే నెమ్మదిగా, నాకంటే బాగా చేశారు.

పొడి బొచ్చు మీద బ్రష్ వేస్తే తెగుతుంది, అందుకే కండిషనర్ నీళ్లలో బాగా పలచగా కలిపి స్ప్రే కొట్టి దువ్వాలి. స్నానం మూడు వారాలకు ఒకసారి చాలు. ఆరబెట్టడం మాత్రం చర్మం దాకా. మధ్యాహ్నం బయటికి వెళ్లాల్సి వస్తే పాత కాటన్ బనియన్ తొడిగేవాళ్లం, ఎందుకంటే లేత రంగు కుక్కల చర్మం ఎండకు కమిలిపోతుంది. తెగిన కొసలు సమంగా కనిపించాలని మళ్లీ క్లిప్పర్ వేయమని ఇంట్లోవాళ్లు ఒకసారి అడిగారు. ససేమిరా అన్నాను.

2023 జూలైలో, పద్నాలుగో నెలలో, వెన్నుపూస వెంబడి వేలెడంత వెడల్పున కొన్ని వెంట్రుకలు దూదిలోంచి పైకి పొడుచుకొచ్చాయి. నిటారుగా, గోధుమ రంగు కొసలతో. ఒకటి పీకి కవరులోని పాత వెంట్రుక పక్కన పెట్టాను. అదే మందం, అదే సూది మొన. షాపులో ఒక్కదాన్నే ఉన్నాను, కళ్లు చెమర్చాయి. అంటే కుదురు చెడిపోలేదు, నిద్రపోయింది, అంతే. అక్కడి నుంచి వేగం పెరిగింది. వీపు మీంచి పక్కలకు, పక్కల నుంచి భుజాలకు.

ప్రతి కుక్కకూ ఇలా అవుతుందా

అవదు. ఈ మాట స్పష్టంగా చెప్పాలి, లేకపోతే ఇంకో రకం మూఢనమ్మకం మొదలవుతుంది. నేను జీరో కట్ చేసిన స్పిట్జ్‌లలో చాలా వాటికి ఏడాది లోపే మామూలు బొచ్చు వచ్చింది. గోల్డెన్ రిట్రీవర్లకు వచ్చేస్తుంది గానీ ఒకటి రెండు సీజన్ల పాటు తొడల మీద, ఛాతీ మీద ఉన్ని ఉన్నిగా ఉంటుంది. ఏ కుక్కకు ఆగిపోతుందో ముందుగా చూసి చెప్పే గుర్తు ఏదీ లేదు కాబట్టే నా భయం.

తప్పు అన్నిసార్లూ క్లిప్పర్‌దీ కాదు. చిత్తూరు గ్రీమ్స్‌పేట నుంచి వచ్చే ఒక ఆడ కాకర్ స్పానియల్‌కు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన ఏడాదిలో చెవులు, కాళ్ల మీది పట్టులాంటి బొచ్చు గొర్రె ఉన్నిలా మారింది. దాని ఒంటికి అప్పటిదాకా క్లిప్పర్ తగల్లేదు. కాకర్లలో, సెట్టర్లలో, గోల్డెన్లలో ఆపరేషన్ తర్వాత హార్మోన్లు మారి ఇలా జరగడం తెలిసిన విషయమే. అందుకని ఆపరేషన్ మానుకోమని అర్థం కాదు. బొచ్చు మారితే ఏ కారణమో విడదీసి చూడాలి.

బిరుసు బొచ్చు ఉండే ష్నాజర్, టెర్రియర్ జాతుల సంగతి ఇంకో రకం. వాటి వెంట్రుక పైభాగం మొద్దుగా, గట్టిగా, ముదురు రంగులో ఉంటుంది. మొదలుకు దగ్గరగా ఉండేది మెత్తన, లేత రంగు. క్లిప్పర్ గట్టి భాగాన్ని తీసేసి మెత్తటి మొదలును మిగులుస్తుంది. అందుకే డాగ్ షోలకు వెళ్లేవాళ్లు వాటిని కత్తిరించరు, ముదిరిన వెంట్రుకను చేత్తో పీకుతారు. అప్పుడు కుదురు నుంచి కొత్త బిరుసు వెంట్రుక మొలుస్తుంది. కుక్కల బొచ్చు పొడవు, బిరుసు, ఉంగరాలు ఈ మూడింటినీ ఎక్కువగా నడిపేది మూడు జన్యువులని 2009లో తేలింది. ఎఫ్‌జీఎఫ్5, ఆర్‌ఎస్‌పీఓ2, కేఆర్‌టీ71. మన బ్లేడు వాటిని మార్చలేదు. అది మార్చేది ఏ వెంట్రుక పైన ఉంది, ఏది కింద ఉంది అన్న వరసను. చేతికి తగిలేది ఆ వరసే.

మరి ఎండ మాటేమిటి

టీచరమ్మ అడిగింది అన్యాయమైన కోరికేమీ కాదు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో కుక్క రొప్పుతూ ఉంటే ఎవరికైనా మనసు ఆగదు. కానీ కుక్క మనలా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడదు. దాని చెమట పాదాల అడుగునే. వేడి దించుకునేది నాలుక బయటపెట్టి రొప్పడం వల్ల. గుండు కొట్టిన మూడో రోజు బంటీ అంతకుముందు లాగే రొప్పుతున్నాడని ఆమే నాతో చెప్పారు.

నిజంగా వేడిని ఆపి చంపేది పైబొచ్చు కాదు, రాలిపోయి కూడా బయటికి రాకుండా లోపలే ఇరుక్కున్న చచ్చిన బొచ్చు. దాన్ని తీస్తే గాలి ఆడుతుంది. ఇప్పుడు మార్చి నెలలోనే బంటీకి ఆ పని చేస్తాను. స్నానం, గట్టి గాలి డ్రైయర్, తర్వాత గంట సేపు పాయలు తీసి దువ్వడం. బయటికి వచ్చే బొచ్చు ఒక చిన్న దిండుకు సరిపోతుంది. పొట్ట కింద మాత్రం బెత్తెడు వెడల్పున పొట్టిగా కత్తిరిస్తాను. కడప బండ మీద బోర్లా పడుకుంటే చల్లదనం నేరుగా చర్మానికి అందుతుంది. అక్కడ ఎలాగూ బొచ్చు పలచనే, ఎండ తగలదు. నడక పొద్దున ఆరులోపు. గిన్నెలో నీళ్లు రెండు చోట్ల. ఒళ్లు 104 ఫారెన్‌హీట్ దాటినా, నడక తూలినా, చిగుళ్లు ముదురు ఎరుపెక్కినా నన్ను కాదు, డాక్టర్‌ను పిలవాలి.

గుండు తప్పని సందర్భాలు ఉంటాయి. ఉండలు చర్మానికి అతుక్కుపోయి విడదీయలేని స్థితిలో ఉంటే, పుండులో పురుగు పడితే, ఆపరేషన్ ఉంటే తీయాల్సిందే. అక్కడ బొచ్చు కోసం ఆలోచించకూడదు. గోమార్లు ఉన్నాయని మాత్రం గుండు చేయించకండి. వాటికి డాక్టర్ ఇచ్చే మందు వేరే ఉంది. గుండు చేసినా చెవుల్లో, వేళ్ల సందుల్లో ఉన్నవి అలాగే ఉంటాయి.

ఇప్పుడు నా షాపులో రెండు పొరల బొచ్చు ఉన్న కుక్కకు ఎవరు జీరో కట్ అడిగినా ముందు బంటీ ఫోటోలు చూపిస్తాను. టీచరమ్మ అనుమతితోనే. తర్వాత భుజం దగ్గర పాయ తీసి రెండు రకాల వెంట్రుకనూ వాళ్ల వేళ్లకే ఇస్తాను. పది మందిలో ఏడెనిమిది మంది దువ్వించుకొని వెళ్తారు. మిగతావాళ్లకు, కావాలంటే, కత్తెరతో రెండు మూడు సెంటీమీటర్లు మిగిల్చి కొసలు సవరిస్తాను. 10 నంబర్ బ్లేడు స్పిట్జ్ వీపు మీద పెట్టి మూడేళ్లు దాటింది.

2024 జనవరి 21న, ఇరవై నెలలు నిండాక, బంటీని ఈ కేసు కోసం చివరిసారి కొలిచాను. వీపు మీద పై వెంట్రుక 5 సెంటీమీటర్లు. భుజం మీది గీత వేలికి తగలడం లేదు. స్ప్రే సీసాతో వీపు మీద నీళ్లు కొడితే చుక్కలు తామరాకు మీద నిలిచినట్టు నిలిచి, వాడు విదిలించుకోగానే ఎగిరిపోయాయి. ఎడమ తొడ మీద, పుండు మానిన చోట, అరచేతిలో సగమంత జాగాలో మాత్రం నీళ్లు దూదిలోకి ఇంకిపోయాయి. ఆ చోటికి టీచరమ్మ ఇప్పటికీ రోజూ పాయ తీసి దువ్వుతున్నారు.